నమ్మికను ఆర్జించుట: అడ్డతీగల మన్యము నేర్పిన పాఠము



పరమేశ్వరునియందు విశ్వాసము నిలుపుట యెట్లని మన ప్రార్థనాసభలలో తఱచుగ విచారించుచున్నాము. మనుష్యునియందు మనుష్యునకు నమ్మిక యెట్లు కలుగును, ఎంతకాలమునకు స్థిరపడును, ఎవరి దోషమున చెడును అను ప్రశ్నలను మాత్రము అంత శ్రద్ధతో విచారించుట లేదు. ఈ రెండును వేఱువేఱు విషయములని కొందఱి తలంపు. మా యభిప్రాయమున రెండును ఒకే చెట్టు కొమ్మలు. ఈశ్వరుడొక్కడే తండ్రియని నమ్మినవారికి మనుష్యులందఱును తోబుట్టువులు. తోబుట్టువు మన మాటను నమ్మలేని స్థితిలో నున్నప్పుడు తండ్రినిగూర్చి మనము చేయు స్తోత్రములు వట్టి శబ్దములగును.

నమ్మికనుగూర్చి లోకమున రెండు సామాన్యాభిప్రాయములు కలవు. మంచిమాటలు చెప్పినచో జనులు నమ్ముదురనునది మొదటిది. కాలము గడచినకొలది నమ్మిక తానే పెరుగుననునది రెండవది. ఇవి పూర్తిగ అసత్యములు గావు గాని, ఇవి మాత్రమే చాలవు. మన్యప్రాంతమున గడచిన నూటయేబది యేండ్ల చరిత్రను పరిశీలించినయెడల మూడవ విషయమొకటి తేటపడును. నమ్మిక కోరువాడు, అందును బలము గలవాడు, ముందుగా తానే పరీక్షకు లోబడవలెను. తన త్రాసును, తన లెక్కను, తన మాటను బలహీనుని యెదుట నుంచి, "సరిచూచుకొనుము" అనవలెను. అట్టి పరీక్షలు పెక్కు ఋతువులు గడచినపిమ్మటనే నమ్మిక వేరూనును. ఈ పాఠమున మేము చెప్పదలచినది ఇదియే.

1. ఊరును, తీగయు

అడ్డతీగల తూర్పుకనుమలలోని మన్యపుటూరు. ఏలేశ్వరమునుండి కొండలలోనికి పోవు త్రోవలో నున్నది. చిరకాలము తూర్పుగోదావరి జిల్లాలో రంపచోడవరము విభాగమునకు చేరియుండి, 2022లో నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలుపబడినది. ఆ ప్రాంతమున కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు మున్నగువారు నివసించుచున్నారు.

ఊరిపేరు వినినంతనే అడ్డతీగ స్ఫురించును. అది సామాన్యమైన తీగ కాదు. మొదట నేలపై ప్రాకి, పిదప చెట్టు నాధారము చేసికొని, కొమ్మనుండి కొమ్మకు నులితీగలు చుట్టుకొనుచు, తుదకు మహావృక్షముల తలలమీదికి చేరును. ఒక్క దినమున ఎక్కదు. ఎక్కినపిమ్మట నూడదీయుట సులభము గాదు. దాని వెడల్పైన ఆకులను కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్లు చేయుదురు. పల్లపుదేశపు పెండ్లిండ్లలోను, గుడులలోను, పూటకూళ్ల యిండ్లలోను ఎంతోకాలము అడ్డాకు విస్తళ్లలోనే భోజనములు జరిగినవి.

ఇచట నొకసంగతి యాలోచింపుడు. కొండస్త్రీ కోసితెచ్చిన ఆకులో శుచిగా భోజనము చేసినవాడే ఆమె చేతినీరు త్రాగుటకు వెనుదీసిన కాలము కలదు. ఆకును నమ్మితిమి, ఆకు కోసిన చేతిని నమ్మలేదు. మనము నమ్మనివారు మనలను నమ్మవలెనని కోరితిమి. కులభేదము నమ్మికకు మొదటి శత్రువని మన సమాజము చెప్పుటకు కారణమిదియే. నమ్మిక ఒకవైపుననే పాఱు నీరు కాదు.

2. నమ్మిక యెట్లు చెడెను

కొండవారు స్వభావముచేతనే అనుమానస్థులని పల్లపువారు కొందఱు చెప్పుదురు. స్వభావముచేతనే అమాయకులని మఱికొందఱు చెప్పుదురు. ఈ రెండు మాటలును ఒకే మనుష్యునిగూర్చి యెట్లు సత్యములగును? చరిత్ర చూడుడు.

రంపదేశము ముఠాలుగ విభజింపబడి ముఠాదారుల యధీనమున నుండెను. వారిపైని రంప మనసబుదారు. శాంతిని కాపాడవలెనను నియమముపై 1813లో ఇంగ్లీషు కంపెనీవారు ఆ దేశమును మనసబుదారునకు విడిచిరి. కాలక్రమమున మనసబుదారు ముఠాలను ఆక్రమించుకొనుచు, పన్నులు పెంచుచు వచ్చెను. కొండవాడు తన యింటికొఱకు చెట్టు గీచుకొనుటకు పూర్వమునుండి యున్న స్వేచ్ఛ తొలగి, కల్లుపై హక్కు గుత్తదారులపాలయ్యెను. దానికితోడు చిగురుపన్ను. 1879 మార్చిలో రంపదేశమున తిరుగుబాటు చెలరేగెను. మద్యపానమును మానుడని మన సమాజము బోధించుచున్నది. ఆ బోధ సరియైనదే. అయినను నాటి విషయము కల్లు మాత్రమే కాదు. తాతలనాటినుండి యున్న యొడంబడికను అడుగకయే మార్చిన వారిపై నమ్మిక నశించుట అచటి విషయము.

అంతకంటె శోచనీయమైన కారణమొకటి కలదు. పల్లపువర్తకులు కొండలకు పోయి, చదువెఱుగని వారితో అన్యాయపు ఒడంబడికలు చేసికొనుచుండిరి. ఆ షరతులు తీఱనప్పుడు దూరపు సివిలుకోర్టులో దావా వేసి, ప్రతివాది రానందున ఏకపక్షపు డిక్రీ పొంది, పశువులను పంటను జప్తు చేయించుచుండిరి. 5 రూపాయల బాకీకి 100 రూపాయల విలువగల సొత్తు జప్తయిన సందర్భములు నాటి ప్రభుత్వ గ్రంథములలోనే వ్రాయబడియున్నవి.

ఇందు గమనింపదగినది మఱొకటి. మోసగించినవాడు వర్తకుడు, కొండవారు నిందించినది ప్రభుత్వమును, దాని చట్టములను. ఏల? వర్తకుని చేతిలోని కాగితముపై ప్రభుత్వపు ముద్ర యుండెను. పశువులను తోలుకొనిపోవ వచ్చినవాడు కోర్టు బంట్రోతు. ఒక మనుష్యుడు చేసిన ద్రోహము ఆ మనుష్యునితో ఆగదు. అతనికి తోడ్పడిన వ్యవస్థకు, అతనివలె వస్త్రములు ధరించి అతనివలె మాటలాడు వారికందఱికిని ఆ మచ్చ అంటుకొనును. మనము నేడు కొండలకు మంచిమాటలతో పోయినప్పుడు వారు మనలను చూచి మౌనము వహించినయెడల, ఆ మౌనము మనమీది కోపము కాదు; మనకు ముందు పోయినవారి లెక్క.

తిరుగుబాటు పిదప ప్రభుత్వము మనసబుదారును తొలగించి, ముఠాదారులకు నేరుగ సన్నదు లిచ్చెను, చిగురుపన్నును ఎత్తివేసెను. ఆ ముఠాపద్ధతియు 1969నాటి శాసనముచే రద్దయ్యెను. పన్ను ఎత్తివేయుటకు ఒక ఆజ్ఞ చాలును. పోయిన నమ్మికను మరల తెచ్చు ఆజ్ఞ యేదియు లేదు.

3. కాలము మాత్రమే చాలదు

కాలము గడచినచో నమ్మిక పెరుగుననువారు ఒక సందేహమునకు ఉత్తరము చెప్పవలెను. షావుకారు మన్యమున తరతరములుగ నుండెను గదా! అతనికంటె ఎక్కువకాలము అచట మెలగిన పల్లపువా డెవడు?

ఆషాఢ శ్రావణములలో కొండయింట ధాన్యము నిండుకొనును. పోడుపంట చేతికి వచ్చుటకు ఇంకను నెలలు పట్టును. మామిడిటెంకల పిండితో అంబలి కాచుకొని, జీలుగుచెట్టు బోదెలోని పిండి తిని కాలము గడపవలసిన దినములవి. అట్టిసమయమున బియ్యము, ఉప్పు ఇచ్చినవాడు షావుకారు. ఇంట చావు వచ్చిననాడు గుడ్డ యిచ్చినవాడు షావుకారు. పిల్లల పేళ్లు ఎఱిగినవాడు, వారి భాషలో పలుకరించినవాడు అతడే. సర్కారు ఉద్యోగి వచ్చి పోవును, షావుకారు ఉండును. కొండవాడు అతనిని నమ్మెననిన ఆశ్చర్యమేమి?

అయినను ఆ నమ్మిక ఫలమేమి? చింతపండు పండకముందే అతని దగుచుండెను. కందులు కోయకముందే అతని వగుచుండెను. లెక్క అతని పుస్తకములో నుండెను. ఆ పుస్తకము చదువగలవాడు అతడొక్కడే. విశాఖ మన్యమున అప్పునకు బదులు మనుష్యుడే సేవకుడై పనిచేయు "గొత్తి" యను ఆచారము ప్రబలెను. అట్టి ఋణదాస్యమును మాన్పుటకు మదరాసు ప్రభుత్వము 1940లో శాసనము చేయవలసివచ్చెను. దేశమంతటికిని అట్టి చట్టము 1976లో వచ్చెను. గోదావరి కొండలలోని కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన హైమండార్ఫ్ పండితుడు, కలపవర్తకులకు అప్పుపడి వారి చెప్పుచేతలలో నుండిన రెడ్ల జీవనమును వర్ణించియున్నాడు.

కావున నమ్మికను దాని వయస్సునుబట్టి గాక ఫలమునుబట్టి పరీక్షింపవలెను. మూడు ప్రశ్నలు చాలును. నమ్మినవాడు లెక్క చూడగలడా? నమ్మినవాడు ఇష్టము లేనప్పుడు విడిచిపోగలడా? పది సంవత్సరములు నమ్మినపిమ్మట మునుపటికంటె బలవంతు డయ్యెనా, బలహీను డయ్యెనా? ఈ మూటికిని సరియైన ఉత్తరము రానప్పుడు అది నమ్మిక కాదు, అలవాటుపడిన దాస్యము. ఈ ప్రశ్నలు షావుకారుకే గాక గురువునకు, పురోహితునకు, భర్తకు, సమాజపు పెద్దలకు, మాకును వర్తించును.

4. చట్టము చేయగల పని

మన్యవాసుల భూములను కాపాడుటకు చట్టములు లేకపోలేదు. 1917నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టము, కొండవాని భూమి ప్రభుత్వపు టేజంటు వ్రాతపూర్వకమైన యనుమతి లేక కొండవాడు గానివానికి చెల్లకుండునట్లు చేసెను. వడ్డీ సంవత్సరమునకు నూటికి 24 మించరాదనియు, చక్రవడ్డీ చెల్లదనియు, మొత్తపు వడ్డీ అసలును దాటరాదనియు విధించెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1959లో ఒకటవ శాసనమును చేసి, 1970లో దానిని మఱింత గట్టిపఱచెను. "ఒకటి బై డెబ్బది" అని జనులు పిలుచునది ఈ 1970నాటి సవరణయే. మన్యమున గిరిజనుడు గానివాని చేతిలోని భూమి గిరిజనునినుండి వచ్చినదే యని ఆ చట్టము మొదట భావించును. కాదని నిరూపించు భారము ఆ భూమి ననుభవించు వానిదే.

ఈ చివరిమాట మన పాఠమునకు మిక్కిలి ముఖ్యము. లోకరీతిని నిరూపించు భారము పేదవానిపై నుండును. తాను మోసపోయితినని అతడే సాక్ష్యములు తేవలెను; కాగితములు అతనికి చదువరావు; వకీలు దూరమున నుండును. ఈ చట్టము భారమును తిరుగవేసి బలవంతునిపై నుంచెను. "నిన్ను నమ్మవలెననిన నీవే ఋజువు చూపుము" అని చెప్పెను. ధర్మమును ఇదియే చెప్పును.

అయినను చట్టమునకు హద్దు కలదు. చట్టము కంచెవంటిది, నమ్మిక తీగవంటిది. కంచె పశువులను ఆపునేగాని తీగను పెంచదు. కొండవాని పేరున కాగితము, పల్లపువాని చేతిలో పంట యను బినామీ వ్యవహారములు కంచెసందులలోనుండి దూఱినవే. అట్లని కంచె వలదనరాదు. కంచె లేనిచో తీగ మొలకయందే మేయబడును. చట్టము నిలుచుట అవసరము. దానిలోపల నీరు పోయువారును అవసరము.

5. మాట నిలుపుకొనిన ముగ్గురు

మొదటివాడు అల్లూరి సీతారామరాజు. ఆయన శస్త్రమార్గము మా సమాజపు మార్గము గాదు. అయినను నమ్మిక విషయమున ఆయన జీవితమునుండి నేర్వదగినది కలదు. 1922 ఆగస్టున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషనులపై దాడి జరిగినపుడు కొండప్రజ ఆయనవెంట నుండుట చూచి అధికారులు విస్మయ మందిరి. ఆ నమ్మిక ఆగస్టు నెలలో పుట్టినది కాదు. అంతకు కొన్ని సంవత్సరములముందే ఆయన కృష్ణదేవిపేట ప్రాంతమున కుదిరి, రోగులకు మందులిచ్చుచు, మద్యమును మానుడనియు, తగవులను కోర్టులకు పోక పంచాయతీలలో తీర్చుకొనుడనియు చెప్పుచుండెను. 1879నాటి కోర్టు డిక్రీలను తలచుకొన్నచో ఆ సలహా కొండవారి మనస్సున కెట్లు తాకెనో గ్రహింపవచ్చును. నర్సీపట్నమునుండి మన్యములోనికి వేయు రోడ్డుపనిలో కూలి సరిగ ముట్టక కష్టపడినవారికి ఆయన వారి పక్షమువాడై కనబడెను. 1922 అక్టోబరు 15న అడ్డతీగల పోలీసుస్టేషనునకు ఆయన ముందుగా కబురుచేసియే వచ్చెను. అధికారులు ఆయుధములను ముందే దాచివేయుటచే ఆయనకు లాభము కలుగలేదు. లాభము లేకున్నను చెప్పినమాట నిలుపుటవలన శత్రువులు సయితము ఆయన మాటను లెక్కపెట్టవలసివచ్చెను.

రెండవవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, పందొమ్మిదవ శతాబ్ది తుదియందే సవరల భాష నేర్చుకొన మొదలిడిరి. తెలుగు తెలిసిన సవర నొకని తమయింట నుంచుకొని, అతనినుండి మాటలు, కథలు, పాటలు వ్రాసికొనిరి. తమ సొమ్ముతో సవరపిల్లలకు బడులు పెట్టించిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో మదరాసున ప్రకటితమయ్యెను. మొదటి మాట నేర్చుకొనుటకును గ్రంథము వెలువడుటకును నడుమ ముప్పదియేండ్లకు పైగ గడచెను. ఇందు మాకు తోచు విశేషమేమనగా, బోధింప పోయినవారు ముందు శిష్యులైరి. శిష్యుడు తప్పు పలుకును, గురువు దిద్దును. పల్లపు పండితుని నాలుకను కొండబాలుడు దిద్దగలిగిన దినముననే వారి నడుమ త్రాసు సమమైనదని చెప్పవచ్చును.

మూడవవారు మనవారే, కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారి పని కొండలలో గాక రాజమహేంద్రవరమున జరిగినను ధర్మ మొక్కటియే. 1881 డిసెంబరు 11న ప్రథమ వితంతు వివాహము జరిగెను. ఒక బాలికను, ఆమె జీవితమును వారి చేతిలో నుంచుటకు ఆమెవారికి ధైర్యమెట్లు వచ్చెను? అంతకు ఏడేండ్లకు పూర్వమే, 1874లో, వారు "వివేకవర్ధని"ని స్థాపించి లంచగొండులను బహిరంగముగ ఖండించుచు వచ్చిరి. దానివలన కలిగిన కష్టములను ఓర్చుకొనిరి. వివాహానంతరము బంధువులు వెలివేసి, వంటవారు నీళ్లవారు మానుకొన్నప్పుడు, రాజ్యలక్ష్మమ్మగారు తామే వంటచేసి, గోదావరినుండి తామే నీళ్లు మోసిరి. పంతులుగారి ఉపన్యాసమువలన నమ్మిన వారికంటె ఆ బిందెను చూచి నమ్మినవారు ఎక్కువమంది యుందురని మా యూహ. నమ్మిక కొఱకు నష్టపడినవాని మాటకే నమ్మిక.

6. త్రాసు ఎదుట

ఇంతవఱకు మహనీయులనుగూర్చి చెప్పితిమి. సామాన్యులకు పరీక్ష జరుగుచోటు సంత. ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో ఇరువదియెనిమిదిమంది పేదలు, వారిలో పెక్కురు నేతగాండ్రు, తమ కొద్దిసొమ్ము చేర్చి యొక చిన్న యంగడి తెఱచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, బయటపెట్టిన లెక్క వారి నియమములు. నాటి యంగళ్లలో పిండిలో సున్నపుపొడి, టీలో పనికిరాని ఆకులు కలియుచుండెను. ఆ చిన్నయంగడి లోకమంతటను సహకార సంఘములకు ఆదర్శమయ్యెను. వారు కనిపెట్టినది క్రొత్త వర్తకము కాదు. కొనువాడే త్రాసునకు యజమానుడై యుండుట.

మన రాష్ట్రమున 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగ స్థాపింపబడినది. చింతపండు, తేనె, శీకాయ, జిగురు మున్నగు అటవీఫలములను ముందుగా ప్రకటించిన ధరకు కొనుట, బియ్యము ఉప్పు మున్నగునవి అమ్ముట దాని పని. షావుకారు పుస్తకమునకు మాఱుగ గోడమీద వ్రాసిన ధర వచ్చెను. ఇది గొప్పమార్పు. అయినను సంస్థ యెంత గొప్పదైనను నమ్మిక ప్రతి సంతదినమున, ప్రతి త్రాసువద్ద, మరల పుట్టవలసినదే. కొండస్త్రీ ఎదుట ముల్లు నిలుచువఱకు ఆగి, తూకము పైకి చదివి, సొమ్ము ఆమె చేతిలో లెక్కపెట్టిన గుమాస్తా ఒక్క నిమిషమున సంస్థ గౌరవము నిలుపును. ముల్లు ఆడుచుండగనే బుట్ట దించినవాడు అంతే కాలమున దానిని పోగొట్టును. నమ్మిక పెరుగుటకు ఏండ్లు పట్టును, పోవుటకు ఒక తూకము చాలును. న్యాయము కాదని తోచునుగాని, పేదవాని దృష్టితో చూచిన ఇది వివేకమే. అతడు మోసపోయిన పిదప తిరిగి నిలువదొక్కుకొనుటకు అతనికి రెండవ గాదె లేదు.

7. మా తప్పిదము

ఇతరుల దోషములను ఎంచి మా దోషమును దాచుట ధర్మము గాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలుగురము అడ్డతీగలకు ఎగువ నున్న యొక చిన్నపల్లెకు పోతిమి. చింతచెట్టుక్రింద కూర్చుండి ఏకేశ్వరుని గూర్చియు, మద్యపానదోషమును గూర్చియు గంటసేపు మాటలాడితిమి. అందఱును ఓర్పుతో వినిరి. ముగించినపిమ్మట ఒక పెద్ద లేచి ఒక్కటే ప్రశ్న యడిగెను: "మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ?" వచ్చు పున్నమికి వత్తుమని చెప్పితిమి. చూపు మందగించిన యొక అవ్వకు కళ్లజోడు తెచ్చెదమనియు చెప్పితిమి.

ఆ పున్నమికి మేము పోలేదు. పట్టణమున సభ యుండెను. తరువాతి పున్నమికి వానలు. మూడవ పున్నమి దాటినపిమ్మట పోతిమి, కళ్లజోడు మఱచిపోతిమి. అవ్వ మంచినీళ్లిచ్చి, "పున్నమి వచ్చింది, పోయింది. కూకోండి బాబూ" అనెను. కోపము లేదు, నిష్ఠూరము లేదు. సభకు మాత్రము ఒక్కరును రాలేదు. అందఱికిని పనులుండెను.

తిరిగివచ్చుచు మాలో నొకరు, "వీరికి కృతజ్ఞత లేదు" అనిరి. పెద్దవారొకరు, "కృతజ్ఞులగుటకు మనము వారికేమి యిచ్చితిమి? మాట యిచ్చితిమి, దానిని వెనుకకు తీసికొంటిమి" అనిరి. ఆనాటినుండి మే మొక నియమము పెట్టుకొంటిమి. ఇచ్చిన మాట తీర్చనిదే రెండవమాట ఇయ్యరాదు. చేయగలదానిలో సగమే చెప్పవలెను. పోవుదినము ముందుగా నిర్ణయించుకొని, వినువారు లేకున్నను పోవలెను.

కళ్లజోడు తీసికొనిపోతిమి. పిదప నెలనెలయు పోతిమి. ఒకమాఱు వాగు పొంగి దాటుటకు వీలులేకపోయెను. మాలో ఇద్దఱు సాయంకాలమువఱకు ఈవలియొడ్డున నిలిచి, పశువులవెంట అవలియొడ్డుకు వచ్చిన పిల్లవానితో కేకవేసి చెప్పి తిరిగివచ్చిరి. మఱుసటి నెల పల్లెలో అడుగుపెట్టగనే ఆ పెద్ద, "ఒడ్డుదాకా వచ్చారంట గదా" అనెను. మేము చేసిన ఉపన్యాసములలో ఒక్కటియు ఆయనకు జ్ఞాపకము లేదు. ఒడ్డు జ్ఞాపకమున్నది.

మూడవ సంవత్సరమున ఆయన వెదురుగొట్టములోనుండి ఒక కాగితము తీసి మా చేతికిచ్చెను. తన పేరనున్న భూమి పంట మఱొకరు తినుచుండిరి. తాను వేలిముద్ర వేసియుండెను. "ఇది ఎవరికీ చూపలేదు. సిగ్గు" అనెను. మనుష్యుడు తన సుఖమును పరిచితులకు చెప్పును. తన యవమానమును నమ్మినవానికే చెప్పును. "భూమి వచ్చునని మేము చెప్పలేము. అర్జీ వ్రాయగలము, విచారణ జరుగు ప్రతి దినమును మీవెంట రాగలము" అంటిమి. ఆయన కొంతసే పాలోచించి, "తెస్తామనకుండా వస్తామన్నారు. అది చాలు" అనెను.

ఆ వ్యవహార మింకను తేలలేదు. వాయిదాలు పడుచున్నవి. మేము పోవుచున్నాము. ఒక్క వాయిదాకు మేము పోకున్నను ఆ వెదురుగొట్టము మరల మూసికొనునని మాకు తెలియును. అది మూసికొన్నచో దానిని తెఱపించుటకు మా తరువాతి వారికి ఎన్ని యేండ్లు పట్టునో చెప్పలేము.

8. సారాంశము

నమ్మిక నాలుగు మెట్లుగ పెరుగునని ఈ పాఠమువలన తెలియుచున్నది. మొదటిది, చెప్పిన దినమునకు వచ్చుట. రెండవది, లెక్కను, తూకమును, తప్పును దాచక చూపుట. మూడవది, మాటకొఱకు తాను నష్టపడుట. నాలుగవది, నమ్మినవాడు తనను విడిచిపోగల స్వతంత్రుడగునట్లు తోడ్పడుట. మొదటి మూడు మెట్లును షావుకారు సయితము కొంతవఱకు ఎక్కవచ్చును. నాలుగవ మెట్టు ధర్మాత్ముడే ఎక్కగలడు.

పాఠకులు తమ సంగతులలో ఈ ప్రశ్నలను చర్చింతురుగాక. మన యిండ్లలో పనిచేయువారికి మన లెక్కపుస్తకము చూచు హక్కు గలదా? మన మిచ్చి తీర్చని మాట యేదైన నేడు ఎవరి యింటనైన ఎదురుచూచుచున్నదా? మనయందు నమ్మిక గలవారు ఆ నమ్మికవలన బలవంతులగుచున్నారా?

ప్రార్థన

సత్యస్వరూపా, నీవు ప్రతి ఉదయమున చెప్పిన వేళకు సూర్యుని పంపుచున్నావు. ఋతువులను తప్పక నడుపుచున్నావు. అందువలననే నిన్ను నమ్ముట మాకు సులభమైనది. మా మాటలను మా నడతకు మించనీయకుము. బలహీనుల యెదుట మా త్రాసు నిలుపుటకు ధైర్యమిమ్ము. వారు తెఱచిన తలుపు మా యుపేక్షవలన మూసికొనకుండ కాపాడుము. ఓం శాంతిః శాంతిః శాంతిః.